తిరుగు టపా రవికె

తాంబూలం, అనగా తమలపాకులు, వక్క, పండు, పసుపు కుంకుమలు, రవికె గుడ్డతో పెళ్లికి వచ్చినవారిని సాగనంపే మర్యాద, కాలక్రమంలో ‘రిటర్న్ గిఫ్టు’గా రూపాంతరం చెందినప్పటికీ, అందులోని రవికె గుడ్డ మాత్రం, కొలత చాలనందున ఏ దర్జీ కత్తెరకూ చిక్కక, మడత విప్పకుండానే పెళ్లి నుంచి పేరంటానికి, పేరంటం నుంచి గృహప్రవేశానికి ప్రయాణిస్తూ, ఒక్కోసారి తొలుత ఇచ్చిన ఇల్లాలి చేతికే భద్రంగా చేరుతుంది. వధూవరుల ఫోటో అచ్చేసిన ప్లాస్టిక్ డబ్బాకు ఆ యోగమూ లేదు. మరొకరికి అంటగట్టే వీలులేక, అది వంటింటి గూట్లో ఎండుమిరపకాయలకు కాపలా కాస్తుంది. ఆ డబ్బాకు బదులుగా, అంకుడు కర్రను తరిమెన పట్టి, సహజ రంగుల లక్కపూత పూసి చేసే, 2017లో భౌగోళిక గుర్తింపు (ప్రాంతీయ ప్రత్యేకతకు చట్టం ఇచ్చే రక్షణ) పొందిన ఏటికొప్పాక కళకు చెందిన కుంకుమ భరిణె కొద్ది ఖర్చుతోనే దొరుకుతుంది గాని, దానిమీద పెళ్లికొడుకు మేనమామగారి వెంచరు పేరు, ఫోన్ నంబరుతో సహా, అచ్చువేయడానికి చోటు చాలదు.