కల్లం ఎండా, నా ఐదు చుక్కలూ

మూత తీయకముందు నన్ను చూసినవాళ్లు ఖాళీ సీసా అనుకుంటారు. గాజు అడుగున కంటికి ఆనీ ఆనని తెల్లటి పూత, అంతే. అందులోనూ ఎక్కువ భాగం ఉప్పు, మనిషి రక్తం నుంచి తీసిన అల్బుమిన్ అనే ప్రోటీను. గ్రామును వంద కోట్ల భాగాలు చేస్తే, వాటిలో ఏ కొన్నో భాగాలు మాత్రమే అసలు నేను. అందుకే నన్ను తూకంతో కాక బలంతో, యూనిట్లలో కొలుస్తారు. నా సీసా మీద 100 యూనిట్లని ఉంది.

నా పేరు బొటాక్స్. పుట్టింది విషం నుంచే. క్లాస్ట్రీడియం బొటులినమ్ అనే సూక్ష్మజీవి గాలి తగలని చోట పెరిగి ఈ విషాన్ని తయారుచేస్తుంది. 1820 ప్రాంతంలో జర్మనీ వైద్యుడు జస్టినస్ కెర్నర్, చెడిపోయిన సాసేజీలు తిన్నవాళ్ల కండరాలు ఎలా చచ్చుబడుతున్నాయో గమనించి, బహు కొద్ది మోతాదులో ఇదే మందు కావచ్చని రాశాడు. 1895లో బెల్జియంలో ఎల్లెజెల్ అనే ఊళ్లో, ఒక చావుకు వాయించడానికి వచ్చి పంది మాంసం తిన్న వాయిద్యగాళ్లలో ముగ్గురు చనిపోయారు. ఆ మాంసంలోనుంచే ఎమిల్ వాన్ ఎర్మెంగెమ్ ఈ సూక్ష్మజీవిని పట్టుకున్నాడు. కెర్నర్ ఊహను మనుషుల మీద నిజం చేసింది శాన్‌ఫ్రాన్సిస్కో కంటి వైద్యుడు అలన్ స్కాట్. మెల్లకన్ను సరిచేయడానికి ఆయన నన్ను వాడాడు. 1989 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం మెల్లకన్నుకూ, అదుపు లేకుండా మూసుకుపోయే కనురెప్పలకూ నాకు అనుమతిచ్చింది. ముఖం ముడతల ఊసు అప్పటికి అందులో లేదు.

ఆ ఊసు వాంకోవర్‌లో మొదలైంది. 1987లో కంటి వైద్యురాలు జీన్ కారుథర్స్ దగ్గర కనురెప్పల జబ్బుకు సూది వేయించుకునే ఒకావిడ, కనుబొమల నడుమ కూడా వేయమని అడిగింది. అక్కడ వేసినప్పుడల్లా తన ముఖం ప్రశాంతంగా ఉంటోందని చెప్పింది. ఆ మాట జీన్ ఇంటికెళ్లి చర్మ వైద్యుడైన భర్త అలస్టెయిర్‌కు చెప్పింది. ఇద్దరూ కలిసి పరీక్షించి 1992లో ప్రచురించారు. కనుబొమల మధ్య గీతలకు 2002లో అనుమతి వచ్చింది. రోగి చెప్పిన మాటను చెవిన పెట్టిన డాక్టరు వల్ల నా బతుకు మలుపు తిరిగిందని చెప్పుకోవడం నాకు గర్వం.

నన్ను నింపి మూత బిగించింది ఐర్లండ్ పడమటి తీరాన వెస్ట్‌పోర్ట్‌లో. అక్కడి నుంచి 2 నుంచి 8 డిగ్రీల చలిలోనే ప్రయాణం చేసి గుంటూరు కొత్తపేటలో ఒక ఆసుపత్రి ఫ్రిజ్‌కు చేరాను. మేడ మీద నరాల డాక్టరు, కింద చర్మ డాక్టరమ్మ. సంక్రాంతి వెళ్లిన వారం, క్రోసూరు నుంచి సత్తెనపల్లి మీదుగా ముగ్గురు వచ్చారు: ఒక మిరప రైతు, ఆయన వదిన, ఆవిడ కూతురు.

సెలైన్ ఉన్న సిరంజి సూది నా రబ్బరు మూతలో దిగగానే నాలోని శూన్యం ఆ నీటిని తనంతట తానే లోపలికి లాగేసుకుంది. అలా లాగకపోతే సీసా పారేయాలి, డాక్టరమ్మ చూసేది అదే. నురగ రాకుండా మెల్లగా కదిపింది. రెండున్నర మిల్లీలీటర్లలో కరిగిపోయాను. ఇక 24 గంటలే నా ఆయుష్షు. ఒక సీసా ఒక్క రోగికే అని పెట్టె మీద రాసి ఉంటుంది. ఖరీదెక్కువ కాబట్టి ఇక్కడ ఒకే పూట ఇద్దరు ముగ్గురికి పంచుతుంటారు, ప్రతిసారీ కొత్త సిరంజి, కొత్త సూదితో.

ముందు నన్ను మేడ మీదికి తీసుకెళ్లారు. ఆ రైతుకు కుడివైపు సగం ముఖం అదురుతుంది. కన్ను టపటపా మూసుకుంటుంది, పెదవి మూల పైకి లాగేస్తుంది. మెదడు నుంచి ముఖానికి వచ్చే నరం మీద ఒక రక్తనాళం ఒత్తుకోవడం దానికి కారణం. మిరప కల్లంలో ఆడకూలీలు ఆయన కన్ను కొడుతున్నాడనుకున్నారట. కొన్నాళ్లు కల్లానికే పోలేదు. మూడు నాలుగు నెలలకోసారి వచ్చి సూది వేయించుకుంటున్న దగ్గర్నుంచి తలెత్తుకుని తిరుగుతున్నాడు. నేను చేసే పనులన్నిటిలోకీ ఇదే గొప్పదని నా నమ్మకం.

తర్వాత నన్ను మళ్లీ కిందికి తెచ్చారు. మరిది ముఖం నెమ్మదించడం చూసే వదిన వచ్చింది. మాఘంలో ఆవిడ కొడుకు పెళ్లి. కూతురు హైదరాబాదులో ఉద్యోగం చేస్తుంది, డబ్బు కడతానంది.

"ముడతలన్నీ పోతయ్యా డాక్టరమ్మా?"

"ఒకసారి కోపం వచ్చినట్టు చూడండమ్మా."

ఆవిడ కనుబొమలు చిట్లించింది. నడుమ రెండు నిలువు గీతలు లోతుగా పడ్డాయి. డాక్టరమ్మ వాటిని వేలితో తాకింది. "ఇవి కండరం లాగితే వచ్చినవి. వీటికి మందు పనిచేస్తుంది." తర్వాత చెంపలు చూసింది. అక్కడ వల అల్లినట్టు సన్నగీతలు, ముఖం కదపకపోయినా ఉన్నాయి. "ఇవి ఎండవి. వీటికి ఈ సూది పనిచేయదు. డబ్బులు దండగ చేయను."

"అవునమ్మా, కల్లంలో వచ్చినయ్యే."

ఐదు చోట్ల, ఒక్కోచోట 4 యూనిట్లు, మొత్తం 20. ఒక చుక్క ముక్కు మొదట్లో, రెండేసి చుక్కలు రెండు కనుబొమల వెంట. సీసాలో మిగిలిన నా సంగతి వదిలేయండి. ఇక్కడి నుంచి ఆవిడ కనుబొమల నడుమ ఉన్న నా కథ.

నరం కొసన అసిటైల్‌కొలిన్ అనే రసాయనం విడుదలైతేనే కండరం బిగుస్తుంది. ఆ విడుదలకు స్నాప్-25 అనే ప్రోటీను కావాలి. నేను నరంలోకి దూరి దాన్ని కోసేస్తాను. కండరానికి దెబ్బ లేదు, ఆజ్ఞ అందదు, అంతే. మూడు నాలుగు రోజుల్లో నా పని తెలిసింది. రెండు వారాలకు, పెళ్లినాటికి, నిలువు గీతలు లేవు. బాగా నిద్రపోయి లేచినట్టున్నావే అన్నారు చుట్టాలు.

ఇది ఆవిడ అదృష్టం కాదు. నా అనుమతి కోసం జరిగిన పరీక్షల్లో 405 మందికి నన్ను, 132 మందికి మందు లేని సూదిని ఇచ్చారు. నెలరోజులకు డాక్టర్ల లెక్కలో నా వైపు 80 శాతం మందికి గీతలు బాగా తగ్గాయి, అటువైపు 3 శాతానికే. ఇంత తేడా చూపే మందులు తక్కువ. అయితే 120వ రోజుకు నా వైపు 25 శాతమే మిగిలారు. నరం కొత్త మొలకలేస్తుంది, పాత కొస కోలుకుంటుంది, కండరం మళ్లీ బిగుస్తుంది. వందలో ముగ్గురికి కనురెప్ప కొన్ని వారాలు వాలిపోయింది కూడా.

పెళ్లయ్యాక నేను ఆవిడతో పాటే క్రోసూరు కల్లంలో ఉన్నాను. ఎర్రటి మిరపకాయలు పరిచి ఉన్న నేల మీద ఆడవాళ్లు బారుగా కూర్చుని తాలు కాయలు ఏరతారు. తెల్లబారిన కాయను ఎర్రకాయ నుంచి విడదీయాలంటే చూపు నిలపాలి. ఎదురెండ, ఘాటు, కళ్లు చికిలించకుండా కుదరదు. రోజంతా అలా బిగిసిన కండరమే కనుబొమల నడుమ గీత గీస్తుంది. దాన్ని నేను ఆపగలిగాను. కానీ అదే ఎండలోని అతినీలలోహిత కిరణాలు చెంపల చర్మం లోపలికి దిగి కొల్లాజెన్‌ను తెగ్గొడుతుంటే నేను చేయగలిగింది ఏమీ లేదు. అమెరికాలో 28 ఏళ్లు లారీ నడిపిన ఒక డ్రైవరు ఫోటో 2012లో వైద్య పత్రికలో వచ్చింది. కిటికీ వైపున్న ఎడమ చెంప ముడతలు పడి వేలాడుతుంటే, కుడి చెంప మీద ముడతలు చాలా తక్కువగా ఉన్నాయి. మనిషి ఒకడే, వయసు ఒకటే, ఎండ ఎక్కువ తగిలింది ఒక పక్కకే. ఆస్ట్రేలియాలో 900 మందిని నాలుగున్నరేళ్లు గమనించిన అధ్యయనం 2013లో వచ్చింది. రోజూ సన్‌స్క్రీన్ రాసుకున్నవాళ్ల చర్మం అంతకాలంలోనూ ముదిరిన ఆనవాలు కనిపించలేదు. ఆ పని నా వల్ల కాదు.

ఎండలు ముదిరేసరికి ఆవిడ కనుబొమ మళ్లీ కదలడం మొదలైంది. కూతురు ఫోన్ చేసి మళ్లీ వేయిద్దామంది. "పెళ్లికి బాగున్నాను, చాల్లేవే. మీ బాబాయికి మాత్రం తేదీ తప్పకుండా వేయించండి" అంది.

నన్ను వేయించుకోవాలనుకునేవారికి ఒక మాట. కనుబొమల నడుమా, నుదుటా, కళ్ల చివరా నవ్వితే కోపగిస్తే పడే గీతలకు రండి. మూడు నాలుగు నెలలే ఉంటానని తెలిసి రండి. గర్భిణులూ, పాలిచ్చే తల్లులూ రావద్దు. బ్యూటీ పార్లర్‌లో వద్దు, చదువుకున్న చర్మ డాక్టరు దగ్గర, మీ ఎదుటే సీసా తెరిపించుకుని వేయించుకోండి. 2024లో అమెరికాలో నకిలీ సీసాల వల్లా, అర్హత లేని చేతుల వల్లా జనం ఆసుపత్రుల పాలయ్యారు.

మిరప వేసిన పల్నాడు రైతులకు ఇంకో మాట. తాలు ఏరే పని కూర్చుని చేసేది. కాయలకు ఎండ కావాలి, మనుషులకు అక్కర్లేదు. ఏరే చోట నాలుగు గుంజలు పాతి పందిరి వేయించండి.