మంచు పట్టని లైట్‌హౌసు

మిషిగన్‌లో ఉండే బావమరిది చలికాలం వచ్చిందంటే ఒక ఫొటో పంపిస్తాడు. సెయింట్ జోసెఫ్ అనే ఊళ్ళో, సరస్సులోకి పొడుగ్గా కట్టిన గట్టు చివర ఒక లైట్‌హౌసు. అలలు ఎగిరి దాని మీద పడ్డవి పడ్డట్టే గడ్డకట్టి, కిటికీలూ కమ్మీలూ ఏమీ కనపడకుండా మంచు వేలాడుతూ ఉంటుంది. కింద ఒకే ముక్క: 'ఎలా ఉంది బావా?'

నెల్లూరులో ఉన్న బావకు ఆ ఫొటో కంటే ఆ ముక్కే ఎక్కువ మండుతుంది. ఈయన దగ్గర మాత్రం ఏం తక్కువ? కెమెరా ఉంది, ట్రైపాడ్ ఉంది, మైపాడు పోతే సముద్రం ఉంది. లేనిదల్లా మంచు.

అసలు మిషిగన్‌తో పోటీయే తప్పు. ఆ ఒక్క రాష్ట్రంలోనే వందకు పైగా లైట్‌హౌసులున్నాయి. అమెరికాలో ఇంకే రాష్ట్రంలోనూ అన్ని లేవు. అన్నీ సముద్రంలాంటి మంచినీటి సరస్సుల ఒడ్డునే. ఆ పక్క మినసోటాలో, సుపీరియర్ సరస్సు మీద 1905 నవంబరులో వచ్చిన తుపానుకు ఓడలు దెబ్బతింటే, కొండకొమ్మున స్ప్లిట్ రాక్ లైట్‌హౌసు కట్టి 1910లో దీపం పెట్టారు. 1969లో దానికి ఉద్యోగ విరమణ అయింది. అప్పట్నించీ ఫొటోలకు నిలబడటమే దాని పని, పింఛనుకు లోటు లేదు.

బావ మాత్రం పట్టు వదల్లేదు. మనకూ సరస్సుంది, పులికాట్. చిలికా తర్వాత దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు మరొకటి లేదు. దాని ఒడ్డున లైట్‌హౌసూ ఉంది. కాకపోతే సరస్సులో చాలా భాగం ఆంధ్రాలో ఉంటే, లైట్‌హౌసు దక్షిణపు కొసన తమిళనాడులో, పళవేర్కాడు దగ్గర, సరస్సుకూ సముద్రానికీ మధ్య ఇసుక పట్టీ మీద ఉంది. అక్కడ 1859 నుంచీ దీపం వెలుగుతోంది. పక్కనున్న ఊరి పేరే లైట్‌హౌస్ కుప్పం. రెండు రాష్ట్రాల మధ్య నీళ్ళన్నీ మనకొచ్చి దీపం వాళ్ళకు పోయిన పంపకం బహుశా ఇదొక్కటే.

పోనీ, నెల్లూరు జిల్లావే తీద్దామని బావ ఒక ఆల్బం మొదలుపెట్టాడు. ఇస్కపల్లి, కృష్ణపట్నం, దుగరాజపట్నం. లైట్‌హౌసులు కదలవు కాబట్టి తొందరేం లేదనుకున్నాడు. కానీ జిల్లాలు కదిలాయి. 2022 ఏప్రిల్ 4న సూళ్ళూరుపేట, తడ, దుగరాజపట్నం అన్నీ కలిసి తిరుపతి జిల్లాలోకి వెళ్ళిపోయాయి. ఏడుకొండలవాడికి సముద్రతీరం దక్కింది. అదే రోజు ప్రకాశం జిల్లా నుంచి రామాయపట్నం, దాని లైట్‌హౌసుతో సహా, నెల్లూరులోకి వచ్చి చేరింది. అంగుళం కదలకుండా ఒక లైట్‌హౌసు పోయింది, ఇంకొకటి వచ్చింది. బావ అట్ట మీద 'నెల్లూరు జిల్లా' కొట్టేసి 'మన తీరం' అని రాసుకున్నాడు.

దుగరాజపట్నం దీపానిది వేరే కథ. రికార్డుల్లో దాని పేరు ఆర్మగాన్. 1626 ప్రాంతంలో ఈస్టిండియా కంపెనీవాళ్ళు ఇక్కడ దిగి కోట కట్టుకున్నారు. తమకు సాయపడ్డ ఆర్ముగం మొదలియార్ పేరు పెట్టుకున్నారని చెబుతారు. బట్టల వ్యాపారం కలిసిరాలేదు. ఇక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే 1639లో దక్షిణంగా పోయి మద్రాసు స్థలం సంపాదించాడు. తర్వాత మూటాముల్లే సర్దుకుని అంతా అటే పోయారు. మళ్ళీ 2014లో రాష్ట్ర విభజన చట్టం ఇదే ఊళ్ళో పెద్ద పోర్టు కడతామని, మొదటి దశ 2018కల్లా పూర్తవుతుందని రాసింది. పోర్టు రాలేదు. ఇక్కడ తీరానికి ఎదురుగా నీళ్ళకింద పొడుగాటి ఇసుక మేట ఉంది. దగ్గరికి రావద్దని ఓడలకు చెప్పడమే ఈ దీపం ఉద్యోగం. దీపం పెట్టకముందే ఇంగ్లీషువాళ్ళు ఆ మాట విన్నారు, పెట్టాక పోర్టు విన్నది. విననిది బావ ఒక్కడే.

ఇక వెలుతురు సంగతి. తూర్పు తీరంలో లైట్‌హౌసును సరస్సు వైపు నుంచి తీయాలంటే సూర్యుడితో పేచీ తప్పదు. స్తంభం తూర్పున, సరస్సు పడమర. పొద్దున్నే పోతే సూర్యుడు స్తంభం వెనకనుంచి లేస్తాడు. దానికి రంగు పట్టీలున్నాయా, కిటికీలున్నాయా ఏమీ తెలియదు, నల్లటి కర్ర ఒకటి పడుతుంది. మధ్యాహ్నం తెల్ల సున్నం మీద ఎండ కొట్టి కెమెరా లెక్క తప్పుతుంది. తెలుపును చూసి భయపడి బూడిద రంగులో తీస్తుంది. దాన్ని తోసిపుచ్చి వెలుతురు మనమే ఒకటిన్నర స్టాపు పెంచాలి. సాయంత్రం నాలుగున్నర దాటాక, పడమటి ఎండ సరస్సు మీదుగా పాకివచ్చి స్తంభానికి పసుపు రాసినప్పుడే ఫొటో. ఆ ఫొటో ఒడ్డున నిలబడితే రాదు. నీళ్ళలో ఉండాలి, అంటే పడవ కావాలి.

పులికాట్ సగటు లోతు మీటరు మాత్రమే. గడ వేసి తోసుకుంటూ పోతారు. పడవతను సరస్సుకు ఆ చివరా ఈ చివరా బంధువులున్న తెలుగువాడు. ఆ వేళకు సముద్రపు గాలి జోరుమీద ఉంటుంది.

"కదలకుండా నిలుపు అన్నా," అన్నాడు బావ.

"నేను పడవని నిలపతా సామీ, నువ్వు గాలిని నిలుపు," అన్నాడతను గడ దించి. కాసేపు చూసి మళ్ళీ అడిగాడు: "అది ఓడలకి కదా దారి చూపించేది. నీకెందుకు సామీ?"

అడిగినదాంట్లో న్యాయముంది. లైట్‌హౌసులో ఉన్నదంతా ఓడవాడి కోసమే. పగలు గుర్తుపట్టడానికి రంగులు, రాత్రి గుర్తుపట్టడానికి మెరుపుల లెక్క. ఇన్ని సెకన్లకు ఇన్నిసార్లు మెరిస్తే ఫలానా ఊరని నావికుడి పుస్తకంలో ఉంటుంది, పక్క దీపానికి ఆ లెక్క ఉండదు. చాలాచోట్ల నేలవైపు వెలుగు పోకుండా అద్దానికి అడ్డం కూడా కడతారు. రాత్రిపూట సరస్సు గట్టున ట్రైపాడ్ వేసి, షట్టర్ పది సెకన్లు తెరిచిపెట్టి కాచుకున్న మనిషికి దక్కేది దోమలు.

వాతావరణం కూడా ఓడల పక్షమే. కత్తిరి ఎండల్లో సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డుకు రెండువైపులా సరస్సు ఎండిపోతుంది. నేల బీటలు తీసి, పైన ఉప్పు తేలి, కనుచూపుమేర తెల్లగా మెరుస్తుంది. దూరంగా ఉన్నదేదైనా ఆవిరిలో వణుకుతుంది, లెన్సు ఎంత పెద్దదైతే వణుకు అంత ఎక్కువ. ఓ మే నెలలో బావ ఆ తెల్లదనాన్ని తీసి మిషిగన్ పంపించాడు.

'బావా! మీకూ మంచు పడిందా?'

'ఉప్పురా. కూరలో వేసుకోవచ్చు.'

'మరి లైట్‌హౌసేది?'

'ఫ్రేములో పట్టలేదు.'

ఉప్పు కంటికి కనపడనప్పుడే ఎక్కువ ద్రోహం చేస్తుంది. ఏసీ కారులోంచి దిగగానే లెన్సు మీద ఆవిరి పడుతుంది. అది ఆరేలోపు గాలి తెచ్చిన సన్నటి ఉప్పుతుంపర దాని మీద కూర్చుంటుంది. పంచె కొసతో తుడిస్తే గుండ్రంగా ఒక పొర ఏర్పడి, ఎండ తగిలినప్పుడల్లా పాలమీగడలా తేలుతుంది. మంచినీళ్ళు చుక్క వేసి మెత్తటి గుడ్డతో అద్దాలంటే, తాగే నీళ్ళ సీసా అప్పటికి పడవతను ఖాళీ చేసి ఉంటాడు.

ఈ తీరానికి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనంతో. ఫొటోకు దిట్టమైన ఆకాశం అప్పుడే: నల్లటి మబ్బు, మధ్యలో ఒక చీలిక, తెల్లటి స్తంభం. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను నెల్లూరు తీరాన్ని రాసుకుంటూ పోయి 5వ తేదీన బాపట్ల దగ్గర ఒడ్డు దాటింది. బావ రెయిన్‌కోటు తీశాడు. ఇల్లాలు కెమెరా బీరువాలో పెట్టి తాళంచెవి కొంగున ముడేసుకుంది. "ఓడలే కదలని రోజున మీరెక్కడికండీ?" దానికి ఇప్పటికీ జవాబు దొరకలేదు.

ఇన్ని చేసినా లైట్‌హౌసుకు ఈ సరస్సు దగ్గర పరపతి లేదు. రాజహంసలకు 2001 నుంచి సూళ్ళూరుపేటలో ఏకంగా పండగే చేస్తున్నారు. నేలపట్టు గూడబాతులకు అభయారణ్యం ఉంది. శ్రీహరికోట నుంచి 1971 అక్టోబరు 9న మొదటి రోహిణి ఎగిరిన దగ్గర్నుంచి రాకెట్లకున్న గిరాకీ చెప్పనే అక్కర్లేదు. జనం కూర్చుని చూడటానికి 2019లో గ్యాలరీ కూడా తెరిచారు. ఇక్కడ లైట్‌హౌసు పండగ ఎవరూ పెట్టలేదు. పెడితే బావ ప్రారంభోపన్యాసం సిద్ధంగా ఉంది.

ఒక సాయంత్రం రాకెట్టు ప్రయోగం పడింది. లైట్‌హౌస్ కుప్పం ఇసుకలో జనమంతా ఉత్తరం వైపు తిరిగి నిలబడ్డారు. బావ ట్రైపాడ్ ఒక్కటే తూర్పుకు తిరిగి ఉంది. వెలుతురు అచ్చంగా ఆయన కోరుకున్నదే: వెనక సరస్సు, పడమటి ఎండ, ముందు స్తంభం. "రాకెట్టు అటు సార్," అని ఒకాయన జాలిపడి చెప్పాడు. కాసేపటికి ఆకాశంలో పొగ మిగిలింది, చప్పట్లు అయిపోయాయి. గూడూరు నుంచి వచ్చిన కుటుంబం ఒకటి ఈయన కెమెరా చూసి దగ్గరికొచ్చింది. పిల్లలూ, పెద్దమ్మా, చంటిదీ, అందరూ సరిగ్గా లైట్‌హౌసు ముందు వరస కట్టారు. బావ ముఖం విప్పారింది. ఫోకస్ సరిచేసుకుంటూ ఉంటే ఇంటాయన చెయ్యెత్తి ఆపాడు.

"సామీ, వెనక ఆ స్తంభం అడ్డంగా ఉండాది. అది పడకుండా తీయి."