దొంగకు పేచీ పెట్టే జీపు: పాత బండి ఉన్నవాళ్లకు తలకిందుల చిట్కాలు

ఈ చిట్కాల్లో సగం వినగానే "ఇదేం సలహా!" అనిపిస్తుంది. సిద్దిపేటలో పాత జీపు ఉన్నవాడికి ఎవరైనా చెప్పేది ఒకటే మాట: మంచి తాళం పెట్టించు, ఇంటెనక దాచుకో, కవరు కప్పు. మా బాపు వదిలివెళ్లిన 1988 నాటి మహీంద్రా సీజే 500 డి నా దగ్గరుంది. ఆ మూడు పనులూ చేసి చూశాను. మూడూ అక్కరకు రాలేదు.

ఎందుకంటే జీపులో తాళం వేయడానికి ఏముంది? పైన గుడ్డ టాపు, పక్కన తలుపులే లేవు. స్టీరింగుకు లాకు లేదు. అరిగిన స్విచ్చు ఏ తాళంచెవి పెట్టినా తిరుగుతుంది. దొంగకు కావలసినవి రెండే: చప్పుడు లేకుండా కదలాలి, దారిలో ఎవరూ ఆపి అడగకూడదు. ఆ రెండూ దక్కకుండా చేస్తే చాలు. దానికయ్యే ఖర్చు ఒక మంచి టైరు ధర దాటదు.

1. ఇంటెనక దాచకండి, నలుగురి ముందు పెట్టండి

బండిని ఇంటి వెనక దాస్తే దొంగ కూడా ఇంటి వెనకే దాక్కుని పనిచేసుకుంటాడు. వీధి దీపం కింద, ఎదురింటి అరుగుకు కనపడేలా పెట్టండి. తెలంగాణ పోలీసుల "నేను సైతం" కార్యక్రమం కింద వీధివాళ్లు చందాలేసుకుని పెట్టించుకున్న కెమెరా దగ్గర్లో ఉంటే, దాని చూపులో నిలపండి. బండి ముక్కు గోడకు ఆనించి, ముందు చక్రాలు ఓ పక్కకు తిప్పి, గేరులో వదలండి. పైసా ఖర్చు లేదు. వాలులో మాత్రం ఎన్నడూ పెట్టొద్దు. ఎందుకో మూడో చిట్కాలో చెప్తాను.

2. కొత్త రంగు వేయించకండి

మెరిసే జీపును కొనేవాడు త్వరగా దొరుకుతాడు. బానెట్ మీద సొట్ట, బాపు చేత్తో రాయించిన పేరు, వేరే రంగు మడ్‌గార్డు మీ బండికి పుట్టుమచ్చల్లాంటివి. తుప్పు పట్టిన చోట తప్పకుండా గీకించి ప్రైమర్ కొట్టించండి, మిగతాది అలాగే ఉండనివ్వండి. ఆ గుర్తులన్నిటికీ పగటి వెలుగులో ఫొటోలు తీయండి. ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు స్పష్టంగా కనిపించే ఫొటోలూ ఉండాలి. ఛాసిస్ నంబరును అద్దం మూలన, సీటు కింద రేకు మీద కూడా చెక్కించండి. నంబరు ప్లేటు మార్చడం నిమిషాల పని. బండంతా వెతికి ఆ రాతలు చెరపడం అంత సులువు కాదు.

3. బ్యాటరీ స్విచ్చును నమ్మకండి

నేను బ్యాటరీకి కటౌట్ స్విచ్చు పెట్టించి, ఇక ఎవడూ కదపలేడని మా మెకానిక్ దగ్గర గొప్పలు పోయాను. ఆయనేమీ వాదించలేదు. స్విచ్చు ఆపి, నన్ను సీట్లో కూర్చోబెట్టి, "రెండో గేరెయ్యన్నా, క్లచ్ తొక్కి పట్టు" అన్నాడు. ఇద్దరు పిల్లలతో కలిసి జీపును వాలులోకి తోశాడు. పది గజాలు దొర్లాక "ఇడువు!" అని అరిచాడు. క్లచ్ వదిలాను. ఒక్క కుదుపు, గుప్పెడు నల్లపొగ, ఇంజన్ అందుకుంది. బ్యాటరీ తెగే ఉంది, బండి మాత్రం నడుస్తోంది. స్టాపర్ తీగ లాగి ఆపే పాత డీజిల్ ఇంజన్లలో పంపు పూర్తిగా మెకానికల్. ఒకసారి తిరిగిందంటే దానికి కరెంటుతో పని లేదు. కరెంటు సోలెనాయిడ్‌తో ఆగే పంపులకు ఇది వర్తించదు. మీది ఏ రకమో మెకానిక్‌ను అడగండి.

స్విచ్చు పీకేయమని చెప్పను. సెల్ఫ్ కొట్టనివ్వదు కాబట్టి ఉండనివ్వండి. కానీ అదే కాపాడుతుందని నిద్రపోకండి.

4. అలారం కొనకండి, డీజిల్ పైపుకు వాల్వు పెట్టించండి

పెళ్లిళ్ల సీజన్లో డీజే చప్పుడు మధ్య అలారం ఎవరికి వినపడుతుంది? ఆ డబ్బుతో ట్యాంకు నుంచి ఫిల్టరుకు వచ్చే పైపులో, బయటికి కనపడని చోట, చిన్న ఇత్తడి వాల్వు పెట్టించండి. రాత్రి కట్టేస్తే, పైపులో, ఫిల్టరులో మిగిలిన డీజిల్‌తో బండి కాస్త దూరం పోయి నడిరోడ్డు మీద ఆగిపోతుంది. పైగా ఎయిర్ పడుతుంది. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, బుడగలు పోయేదాకా చేతిపంపు కొట్టాలి. చీకట్లో, చేతుల నిండా డీజిల్‌తో, ఆ ఓపిక దొంగకు ఉండదు.

జాగ్రత్తలు మూడు. వాల్వు రిటర్న్ పైపుకు పెట్టొద్దు. సైలెన్సర్ పైపుకు దూరంగా ఉండాలి. డీజిల్‌కు పనికొచ్చే పైపు, బిగువైన క్లిప్పులు వాడి, వారం పాటు కింద చుక్క పడుతోందేమో చూడండి. పొద్దున వాల్వు తెరవడం మరిచిపోతే ఆ ఎయిర్ మీరే తీసుకోవాలి, కాబట్టి ఒక స్పానర్ దగ్గరుంచుకోండి.

5. గొలుసు దాచకండి

వాల్వు కనపడకూడదు, గొలుసు మాత్రం కనపడాలి. లావుపాటి గొలుసుతో స్టీరింగును క్లచ్ పెడల్‌కు కలిపి తాళం వేయండి. అప్పుడు స్టీరింగూ తిరగదు, క్లచ్చూ తొక్కలేరు. మరో తాళం స్టెప్నీకి, ఇనుప పట్టీ ఒకటి బ్యాటరీకి. ఓ ఫంక్షన్ హాలు బయట నాకు పోయింది జీపు కాదు, బ్యాటరీ. భోంచేసి వచ్చేసరికి రెండు వైర్లు వేలాడుతున్నాయి. సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆదివారాల్లో కొమురవెల్లి మల్లన్న జాతరకు పోయేవాళ్లు ఇది మరవొద్దు. వందల బండ్ల మధ్య ఎవరిది ఏ బండో ఎవరికీ తెలియదు.

6. జీపీఎస్‌ను ఆఖరుకు పెట్టుకోండి

జీపీఎస్ బండిని ఆపలేదు, ఎటు పోయిందో చెప్తుంది అంతే. పైవన్నీ అయ్యాక డబ్బు మిగిలితే, లోపల సొంత బ్యాటరీ ఉన్నది కొనండి. లేకపోతే బండి బ్యాటరీ వైరు పీకగానే మూగబోతుంది. దాని సిమ్ రీచార్జ్ తేదీ క్యాలెండర్లో రాసుకోండి.

7. కాగితాలు బండిలో పెట్టకండి, బీమాను తక్కువ చేయకండి

ఒరిజినల్ ఆర్సీ ఇంట్లో ఉంచి, డిజీలాకర్‌లోది చూపించండి. "ముసలి బండికి థర్డ్ పార్టీ చాలు" అనుకుంటే, దొంగతనం జరిగినప్పుడు ఆ పాలసీ రూపాయి ఇవ్వదు. అయిదేళ్లు దాటిన బండి విలువను కంపెనీ, యజమాని మాట్లాడుకుని తేల్చుకోవాలి. ఆ బేరం మొహమాటం లేకుండా చేయండి. థర్డ్ పార్టీకి దొంగతనం, అగ్నిప్రమాదం వరకే కలిపే పాలసీ ఉందేమో అడగండి. క్లెయిమ్‌లో రెండు తాళంచెవులూ అడుగుతారు, కాబట్టి రెండోది ఎక్కడుందో ఈ రోజే వెతకండి.

సొంత బండి ఆర్సీ 15 ఏళ్లకు, ఆ తర్వాత అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. గడువు దాటనిస్తే బీమా డబ్బుకే ఎసరు రావచ్చు. జోధ్‌పూర్‌లో ఒక బొలెరో దొంగల పాలైంది. అప్పటికి దాని తాత్కాలిక రిజిస్ట్రేషన్ గడువు దాటి రోజులే అయింది. అయినా బీమా డబ్బు రాదని 2021లో సుప్రీంకోర్టు తేల్చింది.

8. బండి పోతే వెతకడానికి పరుగెత్తకండి

కాళ్లు ఆగవు, నాకు తెలుసు. అయినా ముందు 112కు ఫోన్ చేయండి. రాజీవ్ రహదారి ఎక్కితే హైదరాబాద్ వంద కిలోమీటర్లే. మీరు గల్లీలు తిరిగేలోపు బండి ఆ దారి పట్టొచ్చు. 2024 జులై 1 నుంచి అమలైన కొత్త చట్టం ప్రకారం ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. ఆన్‌లైన్లో ఇస్తే మూడు రోజుల్లో వెళ్లి సంతకం చేయాలి. రెండో చిట్కాలో తీసిన ఫొటోలు అప్పుడు పనికొస్తాయి. అదే రోజు బీమా కంపెనీకీ రాతపూర్వకంగా తెలపండి.

9. జీపును నలుగురికీ వాడండి

అన్నిటికన్నా గట్టి తాళం ఇదే. తాళంచెవి ఎవరికీ ఇవ్వకండి. కానీ వీధిలో ఎవరింట్లో పెళ్లయినా, బాయికాడికి ఎరువు బస్తాలు పోవాలన్నా, బతుకమ్మనాడు ఆడపిల్లలను కోమటిచెరువు కట్టకు దింపాలన్నా, మీరే తోలండి. డీజిల్ కొంత కాలుతుంది, కాలనివ్వండి.

పోయినేడు మా మేనల్లుడు నాకు చెప్పకుండా తెల్లారగట్ల జీపు తీశాడు. వాల్వు, గొలుసు సంగతి వాడికి తెలుసు కాబట్టి అవేవీ ఆపలేదు. వాడు పొన్నాల దాటకముందే నాకు మూడు ఫోన్లు వచ్చాయి. మొదటిది చాయ్ బండాయన నుంచి: "అన్నా, నీ జీపు పోతున్నది. తోలేటోడు నువ్వు గాదు."