అసలు సారెవరు?

2024 జనవరిలో హాంకాంగ్‌లో ఆరప్ కంపెనీ అకౌంట్స్ ఉద్యోగి ఒకరు వీడియో మీటింగులో కూర్చున్నారు. సిడ్నీ ఒపెరా హౌస్‌ కట్టడానికి లెక్కలు వేసిన ఇంజనీర్ల కంపెనీ అది. 'రహస్య లావాదేవీ' ఉందంటూ లండన్ పెద్దసారు పేరిట మెసేజ్ వచ్చినప్పుడు ఈ ఉద్యోగి అనుమానపడ్డారు కూడా. తీరా తెర మీద పెద్దసారూ, తెలిసిన మొహాలూ కనిపించేసరికి అనుమానం కాస్తా తీరిపోయింది. 15 విడతల్లో 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు చేతులు దాటిపోయాయి. మన రూపాయల్లో 200 కోట్ల పైమాటే. ఆ మీటింగులో ప్రాణమున్న మనిషి తానొక్కరేనని, మిగతావన్నీ కృత్రిమ మేధ చేసిన బొమ్మలని ఆనక తెలిసింది.

ఎలా నమ్మారో అని ముక్కున వేలేసుకునేవాళ్లు ఏనాడూ ఉద్యోగం చేసి ఉండరు. పోలీసులు చెప్పిన ప్రకారం ఆ బొమ్మలు చేసిందేమిటి? పరిచయం చేసుకోమన్నాయి. ఆ ఉద్యోగి చెప్పినదానికి బదులేమీ లేదు. ఆదేశాలిచ్చాయి. ఉన్నట్టుండి కాల్ కట్. అయ్యా, నా ఇరవయ్యేళ్ల సర్వీసులో ప్రతి మీటింగూ ఇంతే! పెద్దసారు "టిఫినయిందా?" అని అడిగుంటే అప్పుడు అనుమానించాలి గానీ.

కృత్రిమ మేధ మొహాలు తయారుచేసిందంతే. తాళం తీసింది మన "అలాగే సార్". రెండొందల ఆటో బిల్లుకు మూడు సంతకాలడిగే ఆఫీసులు, కోట్లు కదిలేటప్పుడు మాత్రం "అర్జెంట్, ఎవరికీ చెప్పకు" అంటే చాలు, తెలిసిన నంబరుకు తిరిగి ఫోన్ చేసి కనుక్కోవడం కూడా అమర్యాద అనుకుంటాయి.

సన్యాసి వేషాన్ని నమ్మి ఒకసారి దెబ్బతిన్న సీతమ్మ, అశోకవనంలో హనుమంతుణ్ణి ఊరికే నమ్మలేదు. రాముడి గుర్తులు చెప్పమంది, ఆ తర్వాతే ఉంగరం. ఫెరారీ కార్ల కంపెనీలో ఓ అధికారి 2024 జులైలో అదే పని చేశాడు. సీఈవో గొంతుతో ఫోనొస్తే, "మొన్న మీరు నన్ను చదవమన్న పుస్తకం పేరేమిటి?" అన్నాడు. ఠక్కున లైన్ కట్టయింది. దొంగ దొరక్కపోయినా డబ్బు దక్కింది.

ఇది చదివి నాకూ ధైర్యమొచ్చింది. సోమవారం మీటింగులో మా సారుని గట్టిగా పరీక్షించాను: "సార్, సంక్రాంతికి నాకిస్తానన్న సెలవు ఎన్ని రోజులు?"

ఠక్కున లైన్ కట్టయింది. ఆయన మాత్రం అసలు సారే.