సోఫా మీద స్పానియల్

పొదల్లోంచి పిట్టల్ని లేపడానికి ఇంగ్లండు వేటగాళ్లు పెంచిన జాతి కాకర్ స్పానియల్. మన గద్వాల నడిగడ్డలో దానికిచ్చిన కొలువు గృహప్రవేశం ఫొటోలో సోఫా మీద కూర్చోవడం! మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటితే గద్వాలలో మనం బనీను కూడా విప్పేస్తాం. అది తన బొచ్చు ఎక్కడ విప్పాలి?

కొనేవారు అడిగేది రంగు, ధర. చెవుల సంగతి అడిగినవాడు లేడు. వేలాడే చెవిలో గాలాడదు, చెమ్మ నిలిచి చీము పడుతుంది. వారం వారం చూసి తుడవాల్సిందే. వనపర్తిలో పశువైద్యుడి దగ్గరికి ఎత్తుకుపోతే వరుసలో ముందు బర్రెలు, గొర్రెలు. ఈ శాల్తీని చూసి కాపరులు నవ్వడం ఉచితం.

నాగర్‌కర్నూల్ వైపు చేలల్లో ఓ గంట తిప్పితే ఒళ్లంతా పల్లేరుకాయలు, పిడుదులు. "మేమే చూసుకుంటాం" అన్న పిల్లలు అప్పటికే ఫోన్లలో ఉంటారు (ఆ మాట కూడా ఎన్నికల హామీయే మరి). ఏరేది అమ్మే. బొచ్చు కత్తిరింపుకు హైదరాబాద్ ప్రయాణం అనగానే ఆమె అడిగింది: "నేను గద్వాల చీర అడిగితే లేని పైసలు, దీని క్షవరానికి యాడికెల్లి వచ్చినయ్?"