గోనె సంచికి వకీలు కావలెను

తెనాలి, గుంటూరు, చీరాల, ఒంగోలు బార్లలో క్రిమినల్ ప్రాక్టీసు చేసే న్యాయవాదులకు మనవి. ముద్దాయి ఒక గోనె సంచి. వయసు ఇరవై రెండేళ్ళ ఎనిమిది నెలలు. చదువు లేదు, భూమి లేదు, వెయ్యడానికి ఓటు కూడా లేదు. అభియోగాలు 302, 201. హత్య ఒకటి, సాక్ష్యాన్ని మాయం చెయ్యడం ఇంకొకటి. గెలుపు ఖాయం. తీర్పు చదివిన ధైర్యంతోనే అంటున్నాను.

2014 ఏప్రిల్ 22, మంగళవారం హైకోర్టు చెప్పింది విన్నాక నాకు మిగిలిన దారి ఇదే. చుండూరు దళితుల ఊచకోత కేసులో యావజ్జీవం పడ్డ 21 మందీ నిర్దోషులే, ఏడాది శిక్ష పడ్డ 35 మందీ నిర్దోషులే. ఇంకో 123 మందిని 2007లో ప్రత్యేక కోర్టే ఇంటికి పంపేసింది. 179లోంచి 179 తీసేస్తే ఎంతో ఒకటో తరగతి పిల్లాడు చెబుతాడు. 1991 ఆగస్టు 6న చచ్చిపోయిన ఎనిమిది మంది లెక్క మాత్రం ఎటు కూడినా, ఎటు తీసినా ఎనిమిదే వస్తోంది. చంపినవాళ్ళు మనుషుల్లో దొరకనప్పుడు, ఆ రోజు అక్కడున్న తక్కిన వాటిని వెతుక్కోవాలి గదా. వెతికితే గోనె సంచులు కనిపించాయి. శవాలు వాటిలోనే దొరికాయి, తుంగభద్ర డ్రెయిన్లో.

కాబట్టి ఏ1 గోనె సంచి. ఏ2 మూతి కుట్టిన పురికొస. ఏ3 దబ్బనం. ఏ4 డ్రెయిన్. దబ్బనం అప్రూవరుగా మారే సూచనలున్నాయి.

సంచికి మోటివ్ ఏముంటుందని మీరు అడుగుతారు. ఉంది. ఆ ఏడాది జూలై 4న చుండూరు సినిమా హాల్లో ఒక దళిత కుర్రాడి కాలు ఎవరికో తగిలిందని గొడవ మొదలైంది. తగిలింది పెద్దకులం కుర్రాడికని ఇన్నాళ్ళూ పొరబడ్డాం. అక్కడ ఎవరో బెంచీ మీద పరుచుకున్న గోనెపట్టాకు తగిలి ఉంటుంది. పరువున్న సంచి, మనసు కష్టపెట్టుకుంది. ఆ తర్వాత నెల రోజులూ దళితపేట వాళ్ళను పనిలోకి రావొద్దన్నది, మాటా పలుకూ మానేసి వెలి పెట్టింది అన్నీ సంచులే. ఊళ్ళో పెద్దమనుషులు కళ్ళనీళ్ళు పెట్టుకుని వద్దు వద్దంటున్నా సంచులు వినలేదు.

ఈ కేసు పట్టుకుని తెనాలిలో ఒక ప్లీడరు గారి దగ్గరికి వెళ్ళాను. పేరు అడగకండి, ఊహల్లో మనిషి. కానీ ఆయన వాదనలు ఊహలు కావు. కట్ట చూడకుండానే అడిగారు.

"ఎన్ని గంటలకు?"

"ఏందండీ?"

"సంచి ఎన్ని గంటలకు చంపిందంటున్నారు?"

"పట్టపగలండీ."

"పట్టపగలంటే ఎట్లా అబ్బాయ్? తొమ్మిదిన్నరా? పదకొండుంపావా? ఒంటిగంటా? పొలం సర్వే నంబరెంత? తూరుపు గట్టు మీదా, పడమటి గట్టు మీదా?"

"తరుముతుంటే పరిగెత్తారండీ. సర్వే నంబరు చూసుకోలేదు."

"చూసుకోవాలి," అన్నారాయన జాలిగా. "ప్రాణభయంతో పరిగెత్తేవాడు చేతికి గడియారం పెట్టుకుని, చంకలో అడంగల్ నకలు పెట్టుకుని పరిగెత్తాలి. మొదటి దెబ్బ ఎవడు కొట్టాడో, రెండో దెబ్బ ఎవడు కొట్టాడో ఆగి రాసుకోవాలి. రాసుకోలేదు గనక మన సంచికి బెనిఫిట్ ఆఫ్ డౌట్. వకాలత్ మీద సంతకం పెట్టించుకురా."

సంచికి వేలుముద్ర లేదన్నాను. కమీషను కొట్టు మార్కా ఉంటే చాలన్నారు.

ఐడెంటిఫికేషన్ పెరేడ్ సంగతి అడిగాను. ఆయన నవ్వారు. ఏప్రిల్ నెల. గుంటూరు మిర్చి యార్డులో కాలు పెట్టే సందు లేదు. తేజ, సన్నం, 334, తాలు మిరపకాయలన్నీ గోనె టిక్కీల్లోనే కూర్చుని కాటా కోసం ఎదురు చూస్తున్నాయి. మన ముద్దాయిని వాటి మధ్య నిలబెట్టి, మొగుణ్ణి పోగొట్టుకున్న ఆడమనిషిని పిలిచి, "అమ్మా, ఇందులో నీ మొగుడున్న సంచి ఏది?" అని అడుగుతారు. ఆమె చూపిస్తే, అంత కచ్చితంగా గుర్తుందంటే ఎవరో నేర్పించారని వాదిస్తారు. చూపించలేకపోతే గుర్తుపట్టలేదని రాసుకుంటారు. మధ్యలో దగ్గు తెరలు వచ్చి ఆగిందనుకోండి, తడబడిందంటారు. ఇరవై రెండేళ్ళలో సంచి చిరిగిపోయి ఉంటుంది, మనిషి తలకాయ నెరిసి ఉంటుంది. జ్ఞాపకం ఒక్కటే నిన్న యార్డుకొచ్చిన టిక్కీలా బిగుతుగా ఉండాలి.

"పైగా నజీరు ఉంది," అన్నారు ప్లీడరు గారు, ఉత్సాహం ఆపుకోలేక. తంజావూరు జిల్లా కీలవెణ్మణిలో 1968 క్రిస్మస్ నాటి రాత్రి 44 మందిని గుడిసెలో పెట్టి తగలబెడితే మద్రాసు హైకోర్టు ఏమన్నది? ముద్దాయిలంతా గొప్ప భూస్వాములు, ఒకాయనకు కారు కూడా ఉంది, అలాంటివాళ్ళు పాలేళ్ళను పంపకుండా స్వయంగా నడిచొచ్చి నిప్పు పెట్టారంటే నమ్మడం కష్టమన్నది. వదిలేసింది. "మన సంచి ఎప్పుడైనా నడిచిందా? పుట్టిన దగ్గర్నుంచీ హమాలీ వీపు మీద, ఎద్దుబండి మీద, లారీ మీద తిరిగిన ప్రాణి. పత్తి బోరెమైతే మరీ జమీందారు, నలుగురు మొయ్యందే కదలదు. అలాంటిది పొలాల్లో పరిగెత్తి ఎనిమిది మందిని పట్టుకున్నదంటే న్యాయమూర్తులు నమ్ముతారటయ్యా?"

2013 అక్టోబరులో లక్ష్మణ్‌పూర్ బాథే కూడా ఇంతే గదా అన్నాను. 58 మంది పోతే శిక్ష పడ్డ 26 మందినీ పాట్నా హైకోర్టు వదిలేసింది. అక్కడ సంచులు లేవు, తుపాకులే వాటంతటవి పేలినట్టున్నాయి.

"అయితే ప్లీడరు గారూ, సంచి కూడా నిర్దోషే అంటే ఆ ఎనిమిది మందినీ ఎవరు చంపినట్టు?"

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించారు. "ఇంకెవరున్నారు? వాళ్ళే."

ఎలాగో వివరించారు కూడా. ఎనిమిది మందీ ముందుగా మాట్లాడుకున్నారు. ఎవరి దెబ్బలు వాళ్ళు కొట్టుకున్నారు. ఎవరి సంచి వాళ్ళు తెచ్చుకుని అందులో దూరారు. లోపలి నుంచి దబ్బనంతో మూతి కుట్టుకున్నారు. పొలాలకు అడ్డంపడి దొర్లుకుంటూ పోయి డ్రెయిన్లో దూకారు. ఎందుకంటే ఊరికి చెడ్డపేరు తేవాలని. "ఇప్పుడు కేసు పెట్టాల్సింది వాళ్ళ మీదే. ఆత్మహత్యాయత్నం, 309. సఫలమైంది గనక శిక్ష వెయ్యలేం, అదొక్కటే ఇబ్బంది. డ్రెయిన్ పారుదలకు అడ్డం పడ్డందుకు ఇరిగేషన్ వాళ్ళు వేరే కేసు పెట్టుకోవచ్చు. ఎనిమిది సంచుల ఖరీదు వారసుల దగ్గర వసూలు చెయ్యాలి. 1991 నుంచి వడ్డీతో."

లోపలి నుంచి మూతి కుట్టుకుంటే ముడి బయటెలా పడిందని అడిగాను.

"అది తేల్చాల్సింది ప్రాసిక్యూషను. తేల్చలేకపోయారు గనకనే గదా!"

ఆ రోజు చుండూరులో పోలీసులున్నారు. నెల రోజులుగా ఊరు రగులుతోందని వాళ్ళకు తెలుసు. గడియారాలు వాళ్ళ చేతులకున్నాయి. డైరీ వాళ్ళ దగ్గరుంది. ఎన్ని గంటలకు ఏం జరిగిందో రాయడానికి నెలనెలా జీతం తీసుకునేది వాళ్ళు. మరి "ఎన్ని గంటలకు?" అన్న ప్రశ్న పొలానికడ్డంపడి పరిగెత్తినవాణ్ణి, గుమ్మంలో నిలబడి ఏడ్చినదాన్ని అడుగుతారా? సమయం తేలలేదు, స్థలం తేలలేదు, ఎవరు కొట్టారో తేలలేదు అంటున్నారు. తేల్చాల్సిన దర్యాప్తు తేల్చకపోతే ఆ తప్పు చచ్చినవాళ్ళ ఖాతాలో రాసి, లాభం చంపినవాళ్ళకు పంచడం ఏ ధర్మకాటా తూకం?

అసలు చుండూరు కేసుకు వకీలు తేరగా దొరకలేదు. కోర్టు కూడా దొరకలేదు. ఘటన జరిగిన ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు కావాలని ఏళ్ళ తరబడి కొట్లాడితే, 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద చుండూరులోనే కోర్టు వచ్చి విచారణ మొదలయ్యేసరికి 2004 అయింది. నమ్మకమున్న వకీలును ప్రాసిక్యూటరుగా అడిగే హక్కు బాధితులకుందని ఆ చట్టం నిబంధనలే చెబుతున్నాయి. అలా వచ్చినవాడు బి. చంద్రశేఖర్. 1985లో కారంచేడులో దళితులను చంపినప్పుడు హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు పదవిని విసిరికొట్టి బయటికొచ్చిన బొజ్జా తారకం లాంటివాళ్ళు వెనక నిలబడ్డారు. ఇంతా చేసి సాక్షులు చెప్పాల్సింది ఎక్కడ? తెల్లారితే మొహాలు చూసుకోవాల్సిన ఊళ్ళో, ముద్దాయిల ఎదట. చెప్పారు. బోనెక్కి చెప్పి, దిగి, అదే వీధిలో నడిచి ఇంటికెళ్ళారు. ఆ ధైర్యం విలువ ఎంతో కట్టడానికి హైదరాబాదు హైకోర్టులో తూనికరాళ్ళు లేకపోయాయి.

రోజు మాత్రం తేలింది లెండి. 1991లో నరికిందీ మంగళవారమే, 2007 జూలై 31న శిక్ష వేసిందీ మంగళవారమే, 2014లో వదిలేసిందీ మంగళవారమే. మధ్యలో ఎన్ని మంగళవారాలు పోయాయో పేటలో ఆడవాళ్ళకు తెలుసు.

మన జిల్లా కేసులంటే కోర్టులకు కాళ్ళు రావనుకోకండి. 1993 మార్చి 8న చిలకలూరిపేట దగ్గర బస్సు తగలబడి 23 మంది మాడిపోయారు. ఘోరమే, అందులో రెండో మాట లేదు. ఇద్దరు దళిత కుర్రాళ్ళు దొరికారు. 1995లో గుంటూరులో ఉరిశిక్ష పడింది, 1996లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. రాష్ట్రపతి నారాయణన్ 1998లో యావజ్జీవంగా మార్చబట్టి మెడలు మిగిలాయి. పై కోర్టు దాకా అన్నీ కలిపి మూడున్నరేళ్ళు! అక్కడ చచ్చినవాళ్ళు బస్సు ప్రయాణికులు, చంపినవాళ్ళు దళిత కుర్రాళ్ళు. కారంచేడులో చచ్చినవాళ్ళు మాదిగపల్లె ఆరుగురు, కనక 1985లో జరిగినదానికి చివరి మాట 2008లో వచ్చింది. చుండూరుకు 2014 ఏప్రిల్ నాటికీ రానే లేదు. ఎవరు చస్తే ఎంత వేగమో పట్టీ వేసి కోర్టు గోడకు తగిలించండి, జనం ఊరికే ఆశపడకుండా ఉంటారు.

ఇక మిగిలింది సుప్రీంకోర్టు. అప్పీలు వెయ్యాల్సింది ప్రభుత్వం. అప్పుడు ప్రభుత్వం ఎక్కడుంది? 2014 మార్చి నుంచి రాష్ట్రపతి పాలన. జూన్ 2న రాష్ట్రమే రెండు కాబోతుండింది. తొంభై రోజుల గడువు జూలై 21కి ముగిసేది. ఎన్నికల హడావుడిలో, ఫైళ్ళ పంపకాల్లో, ఈ కట్ట ఏ రాష్ట్రం లారీ ఎక్కుతుందో తెలియదని, తీరా ఎక్కాక గడువు దాటిందని చెప్పడం మన సచివాలయానికి అప్పుడు చాలా సులువు. సంతకం పెట్టే అధికారం ఆ రోజున గవర్నరు నరసింహన్ గారి ఒక్కరి చేతిలోనే ఉంది. ఆయన్ని అడిగింది ఒక్కటే: అప్పీలు వెయ్యమని వెంటనే ఉత్తర్వివ్వండి, చుండూరు వాళ్ళు అడిగిన వకీలునే పెట్టండి, ఫీజు ఖజానా నుంచి కట్టండి.