నాలుగింటికి లేస్తే నోటిఫికేషన్ వస్తుందా?

హైదరాబాద్ అశోక్‌నగర్ చౌరస్తాలో ఇప్పుడు పోటీ పరీక్షల మెటీరియల్ కన్నా మోటివేషన్‌కు గిరాకీ ఎక్కువ. మెటీరియల్‌కు జిరాక్స్ ఖర్చయినా ఉంటుంది. మోటివేషన్‌కు ఒక కోటు, ఒక కాలర్ మైకు, గొంతులో కాస్త జీర ఉంటే సరి. "మీ కెరీర్ ఎందుకు ఆగిపోయిందో తెలుసా?" అని గర్జిస్తాడు సారు. తెలుసు. ఎదురుగా కూర్చున్న ప్రతివాడికీ తారీఖులతో సహా తెలుసు. తెలియనిది సారుకే.

ఆయన లెక్కలో కారణాలు మూడే: ఫోను, బద్ధకం, పొద్దెక్కి లేవడం. మందూ ఆయన దగ్గరే ఉంది. వేకువన నాలుగింటికి లేవాలి, చన్నీళ్లు పోసుకోవాలి, లక్ష్యాన్ని కాగితం మీద రాసి కళ్లెదుట అంటించుకోవాలి. పాపం, పిల్లలు అంటించుకున్నారు. చిక్కడపల్లి సందుల్లో ఏ స్టడీ హాల్‌కైనా వెళ్లి చూడండి. మోచేతులు ఆనించడానికి చాలీచాలని ప్లైవుడ్ గూడు, పైన చిన్న లైటు, ఎదురుగా సెల్లోటేపుతో అంటించిన కాగితం: 'డిప్యూటీ కలెక్టర్, 2022'. ఆ 2022ను కొట్టేసి 2023 రాసి ఉంటుంది. దాన్నీ కొట్టేసి 2024. టేపు పసుపెక్కిపోయింది. ఆ కొట్టివేతల్లో కుర్రాడి బద్ధకం ఎంతో, పైవాళ్ల ప్రతాపం ఎంతో చూద్దాం.

తెలంగాణ 2014లో వచ్చింది. సొంత రాష్ట్రంలో తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌లో వచ్చింది, 503 పోస్టులతో. మధ్యలో దాదాపు ఎనిమిదేళ్లు ఎవరు పొద్దెక్కి లేచారో సారు సెలవివ్వాలి. ఆ అక్టోబరు 16న ప్రిలిమ్స్ దాదాపు 2.86 లక్షల మంది రాశారు. మరుసటి మార్చిలో పేపర్ల లీకేజీ బయటపడి, పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఉద్యోగులే అరెస్టయ్యారు. పరీక్ష రద్దు. జూన్ 11న మళ్లీ పెడితే ఈసారి వచ్చింది 2.33 లక్షల మందే. మధ్యలో రాలిపోయిన యాభై వేల మందీ చన్నీళ్లకు జడిసినవాళ్లేనా? ఆ పరీక్షనూ సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది, బయోమెట్రిక్ తీసుకోలేదని. వేలిముద్రల మిషన్ కూడా అభ్యర్థే ఇంటినుంచి తెచ్చుకోవాల్సింది కాబోలు!

2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్. జూన్‌లో ప్రిలిమ్స్, అక్టోబరులో మెయిన్స్. 2025 సెప్టెంబరు 9న హైకోర్టు సింగిల్ జడ్జి ఫలితాలు చెల్లవు, పేపర్లు మళ్లీ దిద్దండన్నారు. అదే నెల 24న డివిజన్ బెంచ్ ఆ తీర్పును నిలిపేసింది. 27న నియామక పత్రాలు చేతికిచ్చారు, తుది తీర్పుకు లోబడి అన్న మెలికతో. కొలువొచ్చినవాడికీ కంటిమీద కునుకు లేకపోయింది. నాలుగింటికి లేవమని వేరే చెప్పాలా?

ప్రభుత్వం మాత్రం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 2024లో గరిష్ఠ వయోపరిమితిని 44 నుంచి 46కు పెంచింది. పరీక్ష వేళకు పెట్టడం కష్టం గానీ, అభ్యర్థి యవ్వనాన్ని జీవోతో పొడిగించడం ఎంత పని! ఆ ఆగస్టులోనే అసెంబ్లీ సాక్షిగా జాబ్ క్యాలెండర్ కూడా ప్రకటించారు. అందులో వేసిన నెలలన్నీ తప్పకుండా వచ్చాయి. నోటిఫికేషన్లే ఎస్సీ వర్గీకరణ తేలాక అంటూ ఆగాయి. 2025 ఏప్రిల్‌లో వర్గీకరణ అమల్లోకీ వచ్చింది. ఆంధ్రావాళ్లు నవ్వనక్కర్లేదు: 2018 చివర్లో నోటిఫికేషన్ ఇచ్చిన అక్కడి గ్రూప్-1 మెయిన్స్‌ను ఎలా దిద్దారన్న తగాదా 2024లోనూ హైకోర్టులోనే ఉంది.

ఇంటినుంచి అమ్మ ఫోను చేస్తుంది. "రిజల్టు ఎప్పుడొస్తదిరా బిడ్డా? మీ నాయిన అడుగుతుండు." నాయిన పక్కనే ఉంటాడు, అడగడు. హాస్టల్ డబ్బులు పంపాడు కదా, అడగడానికి మొహమాటం. ఆ ఫోను పెట్టేసి గూట్లోకి వచ్చిన కుర్రాడికి సారు వీడియో చెబుతుంది: "నీకు తపన లేదు!"

సారు మాటల్లో అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇంకొకటుంది. "రెండో దారి పెట్టుకోకు. పెట్టుకున్నవాడు పిరికివాడు." నేను చూసినంతలో గ్రూప్-4లోనో గురుకులంలోనో చేరి, జీతం తీసుకుంటూ, సాయంత్రాలు పుస్తకం పట్టినవాడే మూడో రద్దు తర్వాతా నిటారుగా నిలబడ్డాడు. రెండో దారి వద్దనే ఈ సార్లలో కొందరు ఇవే పరీక్షలు రాసి రాసి వేదికెక్కినవారు. వాళ్ల రెండో దారి బాగానే గిట్టుబాటైంది.

అందుకని సార్లకో మనవి. ఒక్క క్లాసు నాంపల్లిలో, కమిషన్ ఆఫీసు మెట్ల దగ్గర పెట్టండి. అక్కడివాళ్లు నాలుగింటికి లేవక్కర్లేదు, పదింటికి వచ్చినా చాలు. ప్రకటించిన తారీఖుకు పరీక్ష పెట్టడం, పెట్టిన పరీక్షను కోర్టులో నిలబెట్టుకోవడం నేర్పండి. మీ ఫీజు మేం చందాలేసుకునైనా కడతాం.